ముందు పురుగేదో చూడండి, మందు సంగతి తర్వాత

ఇంట్లో పురుగులతో, ఎలుకలతో పడుతున్న ఇబ్బందులు రాయమని పోయిన నెల అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే, ఏ మందు కొట్టాలి అని. ఏ పురుగు, ఎక్కడ తిరుగుతోంది, పగలా రాత్రా అన్నది మాత్రం చాలామంది రాయలేదు. ఇరవై ఏళ్ళుగా ఇళ్ళల్లో, హాస్టళ్ళల్లో, గోడౌన్లలో పురుగుల్ని వెతికే పని నాది, అది తెలియకుండా మందు పేరు చెప్పడం నా వల్ల కాదు. ఆ వివరాలు రాసినవాళ్ళ ఉత్తరాలే ఇక్కడ తీసుకున్నాను. అందులో ఒకటి చదవగానే భయమేసి ముందే ఫోన్ చేయించి మాట్లాడాం. దాన్నే మొదట వేస్తున్నాం.

సార్, ఊరి నుంచి మాకు ఏడాదికి సరిపడా బియ్యం వస్తాయి. మూడు డ్రమ్ముల్లో పోసి పెడతాం. వానాకాలం వచ్చేసరికి ముక్కు పురుగు పట్టేస్తోంది. పురుగుమందుల షాపులో అడిగితే మూడు గోళీలిచ్చి, గుడ్డలో మూటగట్టి డ్రమ్ములో వేసి మూత బిగించమన్నాడు. డ్రమ్ములు మేం పడుకునే గదిలోనే ఉంటాయి, పిల్లలున్నారు. పెట్టొచ్చా?
*ఒక గృహిణి, కరీంనగర్*

పెట్టకండమ్మా. ఆ గోళీలు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో ఉండే తేమ తగిలితే చాలు, వాటిలోంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. పెద్ద గోడౌన్లలో బస్తాల మీద టార్పాలిన్లు కప్పి, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, శిక్షణ ఉన్నవాళ్ళు వాడాల్సిన మందు అది. మామూలు జనానికి అమ్మకూడదని మన దేశంలో నిబంధన కూడా ఉంది, అయినా చిల్లరగా అమ్మేస్తున్నారు. ఆ గాలి డ్రమ్ము మూత దగ్గర ఆగదు. తలుపు సందుల్లోంచి, గోడ పగుళ్ళలోంచి పక్క గదిలోకీ, పక్క ఇంట్లోకీ పోతుంది. అపార్ట్‌మెంట్లలో ఒకరు ఈ గోళీలు పెడితే పక్కింట్లో నిద్రపోతున్న పిల్లలు చనిపోయిన సంఘటనలు మన దేశంలో జరిగాయి. దీనికి విరుగుడు మందు లేదు. డాక్టర్లు ఊపిరినీ గుండెనీ కాపాడే ప్రయత్నం చేయగలరు, అంతే.

మీరు ఇంకా డబ్బా విప్పలేదని ఫోన్లో చెప్పారు, అది మన అదృష్టం. తడి తగలనివ్వకుండా ఇంటి బయట, పిల్లలకు అందని చోట పెట్టి వెనక్కి ఇచ్చేయండి. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఇప్పటికే డ్రమ్ములో పెట్టి ఉంటే, వాటిని మీ చేత్తో తీయబోకండి, వాటి మీద నీళ్ళు అస్సలు పోయకండి. నీళ్ళు పడితే గాలి ఇంకా జోరుగా వస్తుంది. అందరూ బయటికి వచ్చేయండి, పక్కవాళ్ళకీ చెప్పండి, ఫైర్ స్టేషన్ నంబరు 101కి ఫోన్ చేయండి. కుళ్ళిన చేప వాసనో వెల్లుల్లి వాసనో వచ్చినా, ఎవరికైనా వాంతులు, ఛాతీ బిగపట్టినట్టు ఉన్నా ఆ మందు పేరు చెప్పి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వాసన రాలేదు కదా అని మాత్రం ధీమాగా ఉండొద్దు.

ఇక ముక్కు పురుగు సంగతి. ఆడపురుగు బియ్యపు గింజకు కన్నం పెట్టి లోపల ఒక గుడ్డు పెడుతుంది, పైన జిగురుతో మూసేస్తుంది. పిల్లపురుగు ఆ గింజ లోపలే తిని పెరిగి దాదాపు నెల రోజులకు బయటికి వస్తుంది. అందుకే మీరు చేటలో చెరిగి, జల్లెడ పట్టి పురుగులన్నీ తీసేశాక కూడా మళ్ళీ నెల తిరక్కుండానే వచ్చాయని రాశారు. అవి ఎక్కడి నుంచో కొత్తగా రాలేదు, గింజల్లోనే ఉన్నాయి. ఏడాది బియ్యం ఒకేసారి ఆడించుకోవడం మానేసి వడ్లుగా ఉంచుకుని రెండు మూడు నెలలకోసారి మరపట్టించుకోగలిగితే సగం బాధ పోతుంది, ఎందుకంటే వడ్ల మీద పొట్టు ఉన్నంతకాలం ముక్కు పురుగుకు అంత సులువు కాదు. అది కుదరకపోతే బియ్యాన్ని పొడిగా, గాలి చొరని డ్రమ్ముల్లో, కొన్ని చిన్న వాటిల్లో పోసుకోండి, రోజూ తీసే డ్రమ్ము వేరుగా ఉండాలి. పాత బియ్యం అడుగున ఉండగా పైన కొత్తవి పోయకండి. డ్రమ్ము ఖాళీ అయినప్పుడు కడిగి మంచి ఎండలో రోజంతా బోర్లించండి, అంచుల మడతల్లో గింజలు మిగలకుండా. వేపాకు వేసే అలవాటుంటే బాగా ఎండినదే వేయండి, పచ్చి ఆకు తేమను తెస్తుంది, తేమ ఉంటే పురుగుకు పండగ. బోరిక్ పౌడర్ కలపడం చాలా ఇళ్ళల్లో చూశాను, తినే బియ్యంలో కలపాల్సిన వస్తువు కాదది. కందిపప్పు, పెసరపప్పులకు మన పెద్దవాళ్ళు ఆముదం పట్టించేవాళ్ళు చూడండి, అది మాత్రం నిజంగా పనిచేసే పద్ధతే, పుచ్చు పురుగు గింజ పైన పెట్టే గుడ్లను ఆ నూనె పొర చంపేస్తుంది. పురుగు పట్టిన బియ్యం విషమేమీ కాదు, ఏరి, శుభ్రంగా కడిగి వండుకోవచ్చు.

వంటింట్లో చిన్న చిన్న బొద్దింకలు. ఫ్రిజ్ వెనక, మిక్సీ కింద, సొరుగుల్లో ఎక్కడ చూసినా అవే. వారానికోసారి స్ప్రే కొడుతున్నాను. రెండు రోజులు ఉండవు, మళ్ళీ వస్తాయి. ఇప్పుడు పడకగదిలోకి కూడా వచ్చాయి. చాక్‌పీసు గీశాను, అదీ లాభం లేదు.
*ఒక పాఠకురాలు, ఏలూరు*

మీరు పంపిన ఫోటోలో తల వెనక రెండు నల్లటి చారలు స్పష్టంగా ఉన్నాయి. దీన్ని జర్మన్ బొద్దింక అంటారు. అర అంగుళం కంటే కాస్త పెద్దది, లేత గోధుమ రంగు. రాత్రిపూట బాత్రూం తూములోంచి వచ్చే ఎర్రటి పెద్ద బొద్దింక వేరు, దాని సంసారమంతా డ్రైనేజీలో, సెప్టిక్ ట్యాంకులో. దానికి తూములకు సన్న జాలీ బిగించి, మ్యాన్‌హోల్ మూతల సందులు మూసేస్తే చాలావరకు సరిపోతుంది. ఈ చిన్నది అలా కాదు, ఇది మన వంటింట్లోనే పుట్టి వంటింట్లోనే చస్తుంది. అట్టపెట్టెల్లో, గుడ్ల ట్రేలలో, సెకండ్ హ్యాండులో కొన్న ఫ్రిజ్‌లో ఇంట్లోకి వస్తుంది.

స్ప్రే ఎందుకు పనిచేయలేదంటే, ఆడ బొద్దింక గుడ్ల సంచిని ఒంటికే అంటిపెట్టుకుని తిరుగుతుంది, ఒక్కో సంచిలో 30 నుంచి 40 గుడ్లు. గుడ్లు పొదిగే రోజులు వచ్చేదాకా అది ఎక్కువగా సందులోంచి బయటికి రాదు. మీరు కొట్టిన స్ప్రే బయట తిరిగేవాటిని చంపింది, సందులో ఉన్న తల్లులను చంపలేదు. పైగా ఆ ఘాటుకు మిగిలినవి చెదిరిపోయి పడకగదిలోకి చేరాయి. చాలాచోట్ల ఇవి ఆ స్ప్రే మందులకు అలవాటు పడిపోయాయి కూడా.

ముందు ఒక రాత్రి పదకొండు గంటలకు లైటు ఆర్పి, అరగంట తర్వాత టార్చితో వెళ్ళి చూడండి. ఎక్కడి నుంచి ఎక్కడికి పరిగెడుతున్నాయో గుర్తు పెట్టుకోండి. తలుపుల కీళ్ళు, సొరుగుల పట్టాలు, ఫ్రిజ్ తలుపు రబ్బరు, మోటారు దగ్గర వెచ్చటి చోటు, గ్యాస్ స్టవ్ అడుగు, వాటర్ ఫిల్టర్ వెనక, నా అనుభవంలో నూటికి తొంభై ఇళ్ళల్లో ఇవే. స్ప్రే పూర్తిగా మానేసి, ఫిప్రోనిల్ గానీ ఇమిడాక్లోప్రిడ్ గానీ ఉన్న జెల్ తెచ్చుకుని ఆ చోట్ల బియ్యపు గింజంత చుక్కలు పెట్టండి. ఒకేచోట పెద్ద ముద్ద పెట్టడం కంటే ఇరవై ముప్ఫై చిన్న చుక్కలు చాలా మేలు. అది తిన్న బొద్దింక సందులోకి వెళ్ళి చస్తుంది, దాని రెట్టనూ శవాన్నీ తిన్న పిల్లలు కూడా చస్తాయి. ఆ చుక్కల మీద ఫినాయిలో స్ప్రేయో పడితే మళ్ళీ ముట్టుకోవు, అందుకే రెండూ కలిపి వాడకూడదు. రెండు వారాలకు ఎండిపోయిన చుక్కలు మార్చండి. మూడో వారానికి తేడా తెలుస్తుంది, పూర్తిగా పోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మధ్యలో తగ్గాయి కదా అని ఆపేయకండి, చాలామంది అక్కడే ఓడిపోతారు.

వీటికి తిండి కంటే నీళ్ళు ముఖ్యం. రాత్రి పడుకునే ముందు సింకు తుడిచి పొడిగా ఉంచండి, కారే కుళాయి బాగుచేయించండి, ఫ్రిజ్ వెనక నీళ్ళు పడే ట్రే ఖాళీ చేయండి. చాక్‌పీసు అంటే ఏదో సుద్ద అనుకుంటాం, అందులో ఉండేది పురుగుమందే. గ్యాస్ గట్టు మీద, పాకే పిల్లలు ఉన్న ఇంట్లో నేల మీద గీయకండి. మీ బాబుకు ఆయాసం ఉందని రాశారు, ఇళ్ళల్లో ఆయాసాన్ని రేపే వాటిలో బొద్దింకల రెట్ట, రాలిన పొట్టు కూడా ఒకటి. అవి చచ్చాక సొరుగుల మూలల్ని తడి గుడ్డతో తుడవండి, పొడి చీపురుతో ఊడిస్తే ఆ దుమ్ము గాలిలోకి లేస్తుంది.

అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటున్నా. నల్లులు. నిద్ర లేదు, చేతుల మీద వరసగా దద్దుర్లు. పరుపు ఎండలో వేశా, మళ్ళీ వచ్చాయి. పండక్కి ఊరెళ్ళాలి, ఇంటికి తీసుకెళ్తానేమో అని టెన్షన్. వీటివల్ల జబ్బులొస్తాయా?
*ఒక విద్యార్థి, హైదరాబాద్*

జబ్బుల భయం పెట్టుకోకు తమ్ముడూ, నల్లులు మనిషి నుంచి మనిషికి జబ్బులు అంటిస్తాయని రుజువు కాలేదు. దురద, నిద్ర లేకపోవడం, గోకిన చోట పుండు పడటం, ఇవే బాధలు. ఇవే చాలు మనిషిని కుంగదీయడానికి, ఆ సంగతి నాకు తెలుసు. నల్లులు ఉన్నాయంటే శుభ్రత లేని మనిషి అనుకుని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. అవి మురికి కోసం రావు, రక్తం కోసం వస్తాయి. ఖరీదైన హోటళ్ళల్లో కూడా ఉంటాయి.

పరుపు ఒక్కటే ఎండలో వేస్తే లాభం లేకపోవడానికి కారణం, నల్లి రోజులో ఎక్కువసేపు పరుపులో కంటే మంచం సందుల్లో ఉంటుంది. ఇనుప మంచం గొట్టాల చివర్లు, ప్లైవుడ్ చెక్కల అతుకులు, గోడ పెచ్చుల వెనక, స్విచ్ బోర్డు లోపల, కర్టెన్ మడతల్లో చూడు. నువ్వుగింజ కంటే కొంచెం పెద్దగా, చదునుగా, ఎర్ర గోధుమ రంగులో ఉంటాయి. దుప్పటి మీద ఇంకు చుక్కల్లాంటి నల్లటి మచ్చలు వాటి గుర్తు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల ఐదుసార్లు పొట్టు విడుస్తుంది, ప్రతిసారీ ఒకసారి రక్తం తాగాలి. తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు, కాబట్టి గది ఖాళీగా వదిలేస్తే చస్తాయనుకోవద్దు.

వీటికి గట్టి శత్రువు వేడి. మా అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో ఎండాకాలం నులక మంచాలు బయట వేసి, కోళ్ళ సందుల్లో మరిగే నీళ్ళు పోసేవాళ్ళు, ఆ పద్ధతిని మించింది ఇప్పటికీ లేదు. 50 డిగ్రీల వేడి కాసేపు తగిలితే నల్లులూ గుడ్లూ రెండూ చస్తాయి. నీ గదిలో మంచాలు ఇనుపవే అయితే బయటికి తీయించి అతుకుల్లో మరిగే నీళ్ళు పోయండి. దుప్పట్లు, దిండు గలీబులు, బట్టలు వేడినీళ్ళలో ఉతికి, కుట్ల మీద వేడి ఇస్త్రీ పెట్టండి. మందు కొట్టించాల్సింది మీ గది ఒక్కదానికే కాదు, పక్క గదులూ పై గదీ ఒకే రోజు కొట్టించాలి, గుడ్లు చాలా మందులకు చావవు కాబట్టి పది నుంచి పద్నాలుగు రోజుల మధ్యలో రెండోసారి తప్పకుండా కొట్టించాలి. ఇది హాస్టల్ యజమాని బాధ్యత, అందరూ కలిసి అడగండి. పొలానికి కొట్టే మందులు తెచ్చి గదిలో కొట్టుకోవడం, పెట్రోలు పూయడం లాంటివి మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. మూసిన గదిలో పొలం మందు కొట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

ఊరెళ్ళే రోజు ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు మాత్రమే కొత్త ప్లాస్టిక్ కవర్లో మూతిగట్టి బ్యాగులో పెట్టుకో. ఇంటికెళ్ళాక బ్యాగు లోపలికి తీసుకెళ్ళకుండా వాకిట్లోనే విప్పి, బట్టలన్నీ నేరుగా వేడినీళ్ళలో వేసెయ్. ఖాళీ బ్యాగు జిప్పుల దగ్గర, కుట్ల దగ్గర బాగా చూసి ఎండలో ఉంచు. అమ్మకు ముందే చెప్పు, దాచొద్దు.

గోడల మీద దోసగింజ ఆకారంలో బూడిద రంగు సంచులు వేలాడుతున్నాయి, ఒక్కోటి మెల్లగా కదులుతోంది. ఇవి కుడతాయా? ఇల్లంతా మందు కొట్టించమంటారా?
*ఒక పాఠకుడు, విశాఖపట్నం*

కుట్టవు, మందు అక్కర్లేదు. ఒక చిన్న చిమ్మెట పురుగు పిల్ల అది, దుమ్ము, దారాలు, ఇసుక రేణువులు కలిపి అల్లుకున్న ఇల్లు ఆ సంచి. రెండు వైపులా తెరిచే ఉంటుంది, ఎటు నుంచైనా తల బయటపెట్టగలదు. సాలెగూళ్ళు, రాలిన వెంట్రుకలు, చచ్చిన పురుగులు తిని బతుకుతుంది. చీపురుతో రాల్చి బయట పారేయండి, సాలెగూళ్ళు దులపండి, మంచాల కింద ఊడవండి. సముద్రపు తేమకు మీ ఊళ్ళో కాస్త ఎక్కువగానే కనిపిస్తాయి. ఉన్ని బట్టలుంటే మాత్రం మూత ఉన్న పెట్టెలో దాచుకోండి.

బట్టల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. కలరా ఉండలు వేసి దాచిన బట్టల్ని, దుప్పట్లని పసిపిల్లలకు అలాగే తొడగకండి, కప్పకండి. కొందరు పిల్లలకు పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది, వాళ్ళకు ఆ వాసన పీల్చినా రక్తకణాలు విరిగి తీవ్రమైన కామెర్లు వస్తాయి. బాలింత ఉన్న గదిలో ఆ ఉండలు లేకుండా చూసుకోండి.

ఫాల్స్ సీలింగ్ మీద రాత్రంతా ఎలుకల పరుగు. పెరట్లో కొబ్బరిచెట్ల మొదట్లో పెద్ద పెద్ద కలుగులు. ఎలుకల పేస్టు టమాటా ముక్క మీద రాసి పెట్టమన్నారు. ఒకటి చస్తే మిగతావి ముట్టుకోవట్లేదు. ఏంటి దారి?
*ఒక రైతు, అమలాపురం*

అన్నా, మీ ఇంట్లో ఉన్నవి రెండు రకాలు. పైన పరిగెత్తేది ఇంటి ఎలుక, తోక ఒంటికంటే పొడుగు, ఎక్కడం దాని విద్య. కింద కలుగులు తవ్వి మట్టి కుప్పలు పోసేది పందికొక్కు. పైదాని కోసం నేల మీద, కిందదాని కోసం అటక మీద ఏం పెట్టినా దండగే. ఇక గోడ వెంట కీచుకీచుమంటూ పోయే, మూతి పొడుగ్గా, ఘాటు వాసనతో ఉండే చుంచు కనిపిస్తే దాన్ని వదిలేయండి, అది అసలు ఎలుక జాతే కాదు, బొద్దింకల్నీ పురుగుల్నీ తింటుంది.

ముందు ఆ పేస్టు ఇంట్లోంచి తీసేయండి. అందులో ఉండేది పసుపు భాస్వరం. చూడటానికి టూత్‌పేస్టు ట్యూబులాగే ఉంటుంది, పిల్లలు పొరపాటు పడతారు, బ్రెడ్డు మీదో టమాటా మీదో రాసింది మరిచిపోయి తింటారు. దానికి విరుగుడు లేదు. అంతకంటే మోసం ఏమిటంటే, తిన్న రోజు కాసిని వాంతులై తగ్గిపోతుంది, మనిషి మామూలుగా తిరుగుతాడు, అంతా బాగుందని ఇంటికి తీసుకొచ్చేస్తారు, రెండు మూడు రోజుల తర్వాత కాలేయం దెబ్బతిని కామెర్లతో పడిపోతాడు. ఎవరైనా ఇది కొంచెం నోట్లో పెట్టుకున్నా సరే, బాగానే ఉన్నారనిపించినా సరే, ట్యూబు చేత్తో పట్టుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తండి. ఆగొద్దు.

ఒకటి చస్తే మిగతావి ముట్టుకోవట్లేదన్నారు కదా, అదీ సహజమే. తిన్న వెంటనే బాధ మొదలైతే ఎలుకలు ఆ ఎరను గుర్తుపెట్టుకుని మానేస్తాయి. జింకు ఫాస్ఫైడు అనే ఎలుకల మందు దగ్గర కూడా రైతులకు ఈ అనుభవం ఉంది, అందుకే రెండు రోజులు మందు లేని నూకలు నూనెతో కలిపి పెట్టి అలవాటు చేశాక మందు కలుపుతారు. బ్రోమాడియోలోన్ కేకులు నాలుగైదు రోజులకు పనిచేస్తాయి కాబట్టి ఎలుకలకు అనుమానం రాదు, పొరపాటున మనుషులు తింటే విటమిన్ కె ఇచ్చి కాపాడే వీలుంది. పందికొక్కుకు ఆ కేకులు కలుగు లోపలికి పెట్టి మట్టితో మూయండి, కోళ్ళూ కుక్కలూ ఉన్న ఇల్లు కాబట్టి బయట పెట్టకండి. పైన సీలింగ్‌లో మాత్రం ఏ మందూ పెట్టొద్దు, అక్కడ చస్తే తీయలేరు, ఆ కంపు వారాల తరబడి ఉంటుంది. అక్కడికి బోనే సరైనది. బోనులో కాల్చిన కొబ్బరి ముక్కో ఎండుచేపో కట్టి, రెండు మూడు రాత్రులు తలుపు పడకుండా తెరిచి ఉంచండి. కొత్త వస్తువంటే ఎలుకకు భయం, అలవాటయ్యాక బిగించండి. జిగురు అట్టలు వాడకండి, ఎలుక రోజుల తరబడి అందులో గిలగిల్లాడి చస్తుంది, జంతు సంక్షేమ బోర్డు కూడా వద్దనే చెప్పింది. బల్లులూ పిచ్చుకలూ కూడా వాటికి అంటుకుని చస్తాయి.

ఇదంతా ఒక ఎత్తు, దారి మూయడం ఒక ఎత్తు. చిట్టెలుక పెన్సిలు పట్టే కన్నంలోంచి దూరుతుంది, ఎలుకకు బొటనవేలు పట్టే సందు చాలు. మీ ఇంటి కప్పు మీదకు ఒరిగిన కొమ్మలు కొట్టించండి, కేబుల్ తీగ గోడలోకి వచ్చే కన్నం, ఏసీ పైపు కన్నం ఇనుప పీచు కుక్కి సిమెంటు పెట్టండి, వెంటిలేటర్లకు ఇనుప జాలీ వేయండి. ప్లాస్టిక్ జాలీని ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. కొబ్బరిచెట్టు మొదలుకు రేకు చుట్టడం మీ కోనసీమలో అందరికీ తెలిసిందే, ఇంటిని ఆనుకున్న చెట్లకు ముందు అది చేయండి. ఎలుకలున్న చోటికి తాచుపాములూ కట్లపాములూ వస్తాయి, కాబట్టి పెరట్లో కలుగులు ఖాళీ అయ్యాక వదిలేయకుండా పూడ్చండి.

పెంటికలు ఊడ్చేటప్పుడు ముందు బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళు చల్లి, పావుగంట ఆగి, చేతులకు తొడుగులు వేసుకుని గుడ్డతో తీయండి. ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్, మనవాళ్ళు ఎలుక జ్వరం అంటారు, కాళ్ళ పగుళ్ళలోంచీ పుండ్లలోంచీ ఒంట్లోకి పోతుంది. వరి చేలల్లో దిగే మీలాంటివాళ్ళు వానాకాలంలో తీవ్రమైన జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళెర్రబడటం ఉంటే పొలంలో దిగిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

కట్టి మూడేళ్ళయిన ఇల్లు. గుమ్మం చెక్క తడితే బోలుగా మోగుతోంది, గోడ మీద మట్టి గీతలు. గీకేసి కిరోసిన్ రాశాం. పది రోజులకు మళ్ళీ వచ్చింది.
*ఒక పాఠకుడు, ఖమ్మం*

చెదలే. మీరు గీకింది వాటి దారి, ఊరు కాదు. ఎండా గాలీ తగిలితే చెదపురుగు బతకలేదు, అందుకే నేలలోని పుట్ట నుంచి చెక్క దాకా మట్టితో కప్పిన దారి వేసుకుంటుంది. గుమ్మానికి రాసిన కిరోసిన్ నేలలోకి పోదు కదా.

ఇంటి చుట్టూ, గోడ నేల కలిసే చోట, దాదాపు అడుగు ఎడంతో సన్నటి కన్నాలు వేసి నేలలోకి మందు ఎక్కించాలి. దీనికి భారతీయ ప్రమాణాల సంస్థ వాళ్ళ ఐఎస్ 6313 అనే ప్రమాణం ఉంది, కట్టేసిన ఇళ్ళకు అందులో మూడో భాగం, కట్టబోయే ఇళ్ళకు రెండో భాగం. వచ్చిన వాళ్ళను దాని ప్రకారమే చేస్తారా, ఏ మందు, నీళ్ళలో ఎంత కలుపుతారు, ఎన్నేళ్ళ హామీ అని కాగితం మీద రాయించుకోండి. బావి గానీ బోరు గానీ దగ్గర్లో ఉంటే ముందే చూపించండి. వాళ్ళు వచ్చేదాకా మిగిలిన మట్టి గీతల్ని చెరపకండి, ఎటు నుంచి వస్తున్నాయో అవే చెబుతాయి. ఒక్క గీతను మాత్రం కాస్త విరగ్గొట్టి రెండ్రోజులాగి చూడండి, మళ్ళీ అతికించి ఉంటే లోపల చెద బతికే ఉన్నట్టు.

చెక్కకు సన్నటి గుండ్రని కన్నాలుండి, కింద మైదాపిండిలాంటి పొడి రాలుతుంటే అది చెద కాదు, చెక్కను తొలిచే పుచ్చు పురుగు. దానికి నేలలో మందు పోయడం డబ్బు దండగ. తొలకరి వానలకు దీపం చుట్టూ ముసిరే ఉసిళ్ళు చెదల రెక్కల తరం. అవి కిటికీలోంచి వస్తే పట్టించుకోనక్కర్లేదు, ఇంట్లో గోడ పగులులోంచే పుట్టుకొస్తే మాత్రం వెంటనే చూపించాలి.

రాత్రి చదువుకుంటుంటే మెడ మీద ఏదో పాకింది, చేత్తో నలిపేశాను. రెండో రోజుకి కాల్చినట్టు గీతలా బొబ్బలు. సర్పి అని ఎర్రమట్టి పూశారు.
*ఒక విద్యార్థిని, గుంటూరు జిల్లా*

సర్పి కాదమ్మా, మీవాళ్ళంతా యాసిడ్ పురుగు అనేది ఇదే. చీమలా సన్నగా, నారింజ నలుపు పట్టీలతో ఉంటుంది. అది కుట్టదు, కరవదు. ఒంటి మీద నలిగితే దాని రక్తంలో ఉండే పెడెరిన్ అనే పదార్థం చర్మాన్ని కాలుస్తుంది, ఒకటి రెండు రోజులకు గానీ బయటపడదు. పాకుతున్నట్టు తెలిస్తే నలపకుండా ఊది పారేయాలి, పొరపాటున నలిగితే వెంటనే సబ్బుతో కడగాలి, ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకూడదు. ఇప్పుడు మట్టి కడిగేసి చర్మం డాక్టరుకు చూపించు. వానాకాలంలో లైటు వెలుగుకు వస్తాయి కాబట్టి కిటికీకి దోమల జాలీ వేయించుకోండి. పొలంలో మాత్రం దాన్ని చంపకండి, వరికి దోమపోటు తెచ్చే పురుగుల్ని తినేది అదే.

న్యూజెర్సీలో ఉంటాం. అమ్మావాళ్ళు వస్తూ మన ఊరి బియ్యం, శనగలు తెస్తామంటున్నారు. మొన్న మా స్నేహితుల దగ్గర విమానాశ్రయంలో తీసేసుకున్నారట, ఎందుకు?
*ఒక పాఠకురాలు, అమెరికా*

బియ్యం వద్దని చెప్పేయండి, మన దేశం నుంచి ప్రయాణికులు సామానులో బియ్యం తేవడాన్ని అక్కడ ఒప్పుకోరు. శనగల్లాంటి వాటి మీదా ఆంక్షలున్నాయి, ఏది తెచ్చినా ఫారంలో రాయాలి. కారణం ఖప్రా అనే చిన్న పెంకు పురుగు, పుట్టిల్లు మన దేశమే. దాని పిల్ల తిండి లేకుండా గోడ సందుల్లో ఏళ్ళ తరబడి ఉండగలదు. 1953లో అది కాలిఫోర్నియాలో బయటపడితే పూర్తిగా తుడిచిపెట్టడానికి 1966 దాకా పట్టింది. అమ్మగారి మనసు కష్టపెట్టకుండా చెప్పండి, అక్కడి ఇండియన్ స్టోర్లలో సోనామసూరి దొరుకుతుంది కదా.

మేం ఉండేది ఐదో అంతస్తు, మురుగు కాలువ దగ్గర్లో లేదు. అయినా పగలే దోమలు కుడుతున్నాయి. పక్క ఫ్లాట్లో ఇద్దరికి డెంగీ.
*ఒక పాఠకుడు, సికింద్రాబాద్*

మురుగు కాలువ వైపు చూడటమే ఇక్కడ పొరపాటు. డెంగీ తెచ్చే దోమ కాళ్ళ మీద తెల్ల చారలుంటాయి, పగలు కుడుతుంది, మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. మీ ఊళ్ళోనే, బేగంపేటలో, రొనాల్డ్ రాస్ అనే డాక్టరు 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అంతకుముందు రెండేళ్ళపాటు ఆయనకు ఫలితం రాలేదు, ఎందుకంటే అన్నాళ్ళూ ఆయన కోసి చూసినవి మలేరియాను మోయని వేరే జాతి దోమలు. దోమలన్నీ ఒకటి కాదు, ఒక్కోదానిది ఒక్కో నీరు.

మీ ఇంట్లో చూడాల్సినవి ఇవి, ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, పూలకుండీల కింద పళ్ళేలు, పాత కూలర్, బాల్కనీలో బకెట్, వాడని బాత్రూంలో కమోడ్, పైన ట్యాంకు మూత. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి వారానికోసారి అన్నీ ఒంపేసి ఆరబెట్టాలి, శుక్రవారం డ్రై డే అని మున్సిపాలిటీ వాళ్ళు చెప్పేది అందుకే. ఒంపితే సరిపోదు, అంచులు పీచుతో రుద్దండి, ఈ దోమ గుడ్లు పొడిగా ఉన్నా నెలల తరబడి బతికి మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. జ్వరం వచ్చినవాళ్ళను పగలు కూడా దోమతెరలో ఉంచండి, వాళ్ళను కుట్టిన దోమే మీ ఇంట్లోకి వస్తుంది. మీ ఒక్క ఫ్లాట్‌తో అయ్యే పని కాదిది, ఈ ఆదివారమే అసోసియేషన్ వాళ్ళను తీసుకుని టెర్రస్ మీదకు ఎక్కి ట్యాంకుల మూతలన్నీ చూసి రండి.